మెడలో సాగని గోడ

మనిషి పడక మీద నుంచి లేచి నిలబడితే, అర నిమిషం లోపల అర లీటరు నుంచి ముప్పావు లీటరు వరకు రక్తం ఛాతీలో నుంచి జారి కడుపులోకీ కాళ్లలోకీ దిగుతుంది. గుండెకూ మెదడుకూ మధ్య ఎత్తు సుమారు ముప్పై సెంటీమీటర్లు. ఆ కాస్త ఎత్తుకు రక్తం ఎక్కాలంటే ఒత్తిడి పడిపోకూడదు. దవడ ఎముక మూలకు కొద్దిగా కింద, మెడకు రెండు పక్కలా, పెద్ద ధమని రెండుగా చీలే చోట దాని గోడ కొంచెం ఉబ్బి, పలచబడి ఉంటుంది. ఆ గోడలో నరాల కొసలు అల్లుకొని ఉంటాయి. అవి కొలిచేది నిజానికి ఒత్తిడిని కాదు, ఒత్తిడికి గోడ ఎంత సాగిందో దాన్ని. సాగుదల తగ్గితే మెదడు కాండానికి అవి పంపే సంకేతాలు తగ్గుతాయి. ఒకటి రెండు స్పందనల లోపే గుండె వేగం పెరుగుతుంది, కొద్ది క్షణాల్లో కాళ్లలోని నాళాలు బిగుసుకుంటాయి. మనిషి నిలబడతాడు. నిలబడటం కోసం తన లోపల ఇంత పని జరిగిందని అతనికి తెలియను కూడా తెలియదు.

మా అన్నకు యాభై ఆరో ఏట ఆ గోడ సాగడం మానేసింది.

నేను జ్యోతినగర్‌లో ఉంటాను. విద్యుత్ కేంద్రంలో కొలత పరికరాలు చూసే ఇంజినీరును. అన్న గోదావరిఖనిలో, గని క్వార్టర్లలో ఉండేవాడు. స్కూటర్ మీద ఎనిమిది కిలోమీటర్లు. అన్నది భూగర్భంలో సపోర్టు పని. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా బోల్టులు బిగించడం, దుంగలు నిలబెట్టడం. నా చదువుకు అయిన ఖర్చంతా ఆ దుంగల నుంచి వచ్చిందే. ఆ మాట అన్న ఎన్నడూ అనలేదు. అందువల్ల నేనే అంటున్నాను.

గనిలోకి దిగేముందు ప్రతి ఒక్కరి జేబులూ తడుముతారు. బీడీ గాని అగ్గిపెట్టె గాని దొరికితే ఆ రోజు డ్యూటీ పోయినట్టే. గ్యాసు ఉన్న చోట ఒక్క నిప్పురవ్వ చాలు కనుక ఆ నియమం న్యాయమైనది. దాని వల్ల నిలిచిన ప్రాణాలను ఎవరూ లెక్కపెట్టలేరు. కాని పొగ అడ్డుకున్నంత మాత్రాన నోరు ఊరుకోదు. షిఫ్టుకు దిగే జనంలో చాలామందికి కింది పెదవి వెనుక, సున్నం వేసి నలిపిన తంబాకు ముద్ద ఉంటుంది. మందు ముట్టని మా అన్నకు, ఆదివారం చర్చిలో కానుకల సంచి పట్టే మా అన్నకు, అది ఒక్కటే అలవాటు. అది గొంతులో పుండై తేలింది. హైదరాబాద్‌లో ఆరు వారాలకు పైగా మెడకు రెండు పక్కలా రేడియేషన్ ఇచ్చారు. పుండు మాడిపోయింది. గొంతు బొంగురుపోయింది. మెడ చర్మం నల్లబడి, ఎండబెట్టిన తోలులా గట్టిపడింది. రోగం నయమైందని అందరం ప్రార్థన పెట్టించి, భోజనాలు పెట్టాం.

పైచర్మానికి జరిగిందే లోపలి గోడకూ జరిగి ఉంటుందని అప్పుడు ఎవరికీ తట్టలేదు.

మొదటిసారి చర్చిలోనే పడ్డాడు. మోకాళ్ల మీద ప్రార్థన ముగిసి పాటకు అందరూ లేచారు. అన్న కూడా లేచి, ముందున్న బల్ల మీదుగా పక్కకు ఒరిగిపోయాడు. ముందు వరుసలోని ఆడవాళ్లు ఆత్మ దిగిందన్నారు. వెనుక వరుసలోని మగవాళ్లు వేరే మాట అన్నారు. ఆ మాట వదిన చెవిన పడింది.

"ఆయన ఎన్నడన్న ముట్టిండా? ముక్కు పెట్టి వాసన సూడుండ్రి, రాండ్రి," అని వదిన చర్చి గుమ్మంలో నిలబడి అడిగింది. ఎవరూ రాలేదు.

దవాఖానలో కొలిచినప్పుడల్లా ఒత్తిడి హెచ్చుగా ఉండేది. క్యూలో నిలబడి, ముందువాళ్లతో మాట పడి, చివరికి కుర్చీలో కూర్చునేసరికి రెండు వందలు దాటేది. మాత్ర మార్చారు. తర్వాత రెండు మాత్రలు చేశారు. మాత్రలు పెరిగినకొద్దీ అన్న పడటం పెరిగింది. ఒకసారి స్నానాల గదిలో, ఒకసారి కూరగాయల అంగడిలో, ఒకసారి నా కళ్లముందే, మా ఇంటి మెట్ల దగ్గర.

ఆ రోజు నుంచి నేను కొలవడం మొదలుపెట్టాను. నాకు తెలిసిన పని అదొక్కటే. చేతికి కట్టే మిషన్ కొన్నాను, దాన్ని మా డిస్పెన్సరీలోని పాదరసం మిషన్‌తో సరిచూసుకున్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నం, నీళ్ల ట్యాంకర్ వాడితో గొడవపడి లోపలికి వచ్చిన అన్నకు 208 మీద 112, నాడి 114. భోజనం చేసి, కూలర్ ముందు గంట సేపు పడుకున్న తర్వాత 98 మీద 60, నాడి 64. లేపి నిలబెట్టి మూడు నిమిషాలు ఆగితే 76 మీద 44. నాడి మాత్రం అదే 64.

ఆ చివరి అంకె దగ్గర నేను ఆగిపోయాను. ఒత్తిడి అంతగా పడితే మంచి శరీరంలో నాడి తొంభైకో నూరుకో పరుగెత్తాలి. అన్న నాడి కదలలేదు. మా ప్లాంటులో పైపులోని ఒత్తిడిని పరికరానికి చేరవేసే సన్న గొట్టం ఉంటుంది. అది మట్టితో మూసుకుపోతే పైపులో ఏం జరిగినా పరికరం పాత అంకెనే చూపిస్తుంది. వాల్వు బాగుంటుంది, కంట్రోలరు బాగుంటుంది. కబురు చేరదు కనుక ఏదీ పని చేయదు. గుండె బాగున్న, మెదడు బాగున్న మా అన్నకు ఆ సన్న గొట్టమే మూసుకుపోయింది. పట్టేవాడు లేక, కోపం వస్తే ఒత్తిడి ఎగసిపోతోంది, కూలర్ గాలికి కుంగిపోతోంది. మాత్రలు ఎగసినప్పటి అంకె చూసి ఇచ్చినవి. అవి పని చేసేది కుంగినప్పుడు.

కరీంనగర్‌లో ఒక నరాల డాక్టరు దీన్ని ఖాయం చేశారు. పడుకోబెట్టి, నిలబెట్టి, ఊపిరి బిగబట్టించి, చేతిని ఐసు నీళ్లలో పెట్టించి, ఒక పూటంతా చూశారు. మెడలోని గ్రాహకాలు రేడియేషన్‌కు గట్టిపడ్డాయనీ, తిరిగి రావనీ చెప్పారు. పెద్ద ధమని మొదట్లో ఇలాంటివే ఇంకొన్ని ఉంటాయనీ, ఈయన విషయంలో అవి భారం మోయలేకపోతున్నాయనీ అన్నారు. మాత్రలు సగానికి సగం తగ్గించారు. లేచేటప్పుడు కళ్లు చీకటి కమ్మితే వెంటనే కాళ్లు కత్తెరలా పెనవేసి, తొడలూ పిడికిళ్లూ బిగించమని నేర్పారు. అలా చేస్తే కండరాలు రక్తాన్ని పైకి పిండుతాయి, పడకుండా ఒక నిమిషం దొరుకుతుంది. అన్న ఆ విద్యను శ్రద్ధగా నేర్చుకున్నాడు. ఎత్తు మీద, నడిచే యంత్రాల దగ్గర, భూగర్భంలో ఈయన పని చేయకూడదని కూడా డాక్టరు రాసి ఇచ్చారు.

చికిత్స తర్వాత అన్నకు గని పైన తేలిక పని ఇచ్చి ఉంచారు. ఆ గడువు ముగుస్తోంది. ఇక మెడికల్ బోర్డు తేల్చాలి. ఫిట్ అంటే మళ్లీ కిందికి దిగాలి. అన్‌ఫిట్ అంటే పని పోతుంది, దానికి బదులు ఇంట్లో ఒకరికి ఉద్యోగం వస్తుంది. అన్నకు ఒక్కతే బిడ్డ, డిగ్రీ పూర్తి చేసి ఇంట్లో ఉంది. సర్వీసు ఇంకా కొంత మిగిలి ఉన్నప్పుడే ఆ వీలు. అన్నకు ఆ గడువు నెలల్లోకి వచ్చేసింది.

అన్‌ఫిట్ అనే మాటకు మా ప్రాంతంలో ఎంత విలువ ఉందో, దాని చుట్టూ అంత విద్య పుట్టింది. బోర్డుకు వారం ముందు మాత్రలు మానేయడం, తెల్లవారుజామున ఆవకాయ తొక్కుతో అన్నం తినడం, దవాఖాన మెట్లు పదిసార్లు ఎక్కి దిగడం, పిలిచేముందు చెంపలో రెండింతల తంబాకు. ఏది ఎంత పెంచుతుందో బస్తీలో అందరికీ తెలుసు. బోర్డు డాక్టర్లకు ఇంకా బాగా తెలుసు. ఒత్తిడి హెచ్చుగా చూపించిన ప్రతివాడినీ వాళ్లు ఏసీ గదిలో అరగంట పడుకోబెట్టి, మళ్లీ కొలుస్తారు. నాటకమైతే దిగిపోతుంది. రోగమైతే నిలుస్తుంది. వంచనను పట్టడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదని నేనూ ఒప్పుకుంటాను. అది ఒక్క రోగాన్ని మాత్రమే నాటకంగా తేలుస్తుంది. మా అన్నకు వచ్చింది ఆ ఒక్క రోగం.

బోర్డు రోజు మాతో అన్న జతగాడు వచ్చాడు. ఇద్దరూ ఒకే జట్టులో ముప్పై ఏళ్లు గనిలోకి దిగారు. చుట్టరికం లేకపోయినా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు, వదినను ఆయన చెల్లె అనేవాడు. వరండాలో బెంచీ మీద కూర్చోగానే మొదలుపెట్టాడు.

"తంబాకు వద్దంటివి. తొక్కు వద్దంటివి. మెట్లెక్కుదాం పా అంటే అదీ వద్దంటివి. ఉత్తగ నీ మొహం సూసి అన్‌ఫిట్ ఇస్తరా బావా?"

"నాకున్నదే సూపిస్త," అన్నాడు అన్న బొంగురుగా. "లేనిది నాకెందుకు?"

"ఉన్నది సూపిస్తే గీడ ఎవ్వనికన్న ఒచ్చిందా? సూడు ఇంజినీరమ్మా, మీ అన్న పాస్టరు కావాల్సినోడు, తప్పిపోయి బొగ్గుబాయిల దిగిండు."

నేను నవ్వాను. అన్న కూడా నవ్వాడు. లోపల అన్న కంటే ముందు ఇద్దరు ఉన్నారు. తలుపు తెరిచి రెండోవాడు కూడా బయటికి రాగానే, బావ గొంతు మారింది.

"ఒక మాట చెప్త, ఏమనుకోకు. బస్తీల అందరంటున్నరు. నువ్వు చర్చిల పడ్డది నాటకమేనట."

"ఎవడన్నడు?"

"అందరు. గంతే కాదు. మా చెల్లె రోజు పొద్దుగాల లేపి నీతోని ప్రాక్టీసు చేపిస్తదట, ఎటు దిక్కు పడాల్నో."

"నోరు మూస్కో."

"నేనన్ననా? నేనైతే గంత మంచిగ పడొస్తదని అనుకోలే. మన బస్తీ ఎల్లయ్య తాతలెక్క గుండె పట్టుకొని పడితే నమ్మేటోళ్లు గని, గిట్ల పక్కకొరిగితే..."

అన్న లేచి ఆయన చొక్కా పట్టుకున్నాడు. అప్పుడే లోపలి నుంచి పిలుపు వచ్చింది. ఏసీ గదికి బయటి గదిలో, కుర్చీలో కూర్చోబెట్టి కొలిస్తే 214 మీద 118. తెరిచిన తలుపులోంచి ఆ అంకె విని, బావ నలిగిన చొక్కా సరిచేసుకుంటూ నా వైపు చూసి కన్ను గీటాడు.

"ఎక్కింది సూసినవా?" అన్నాడు మెల్లగా. "ఆయినకు కోపమొస్తెనే ఎక్కుతదని నువ్వే చెప్తివి గదా. తంబాకు లేదు, తొక్కు లేదు. దేవుడు గూడ తప్పు వట్టడు."

నేను ఆ మాట నిజంగానే చెప్పాను, నెల కింద, ఆయనకు రోగం అర్థం కావాలని. ఆయన దాన్ని తనకు తెలిసిన విద్యలో కలుపుకున్నాడు. ముప్పై ఏళ్ల స్నేహంలో అన్నను ఏ మాట గుచ్చుతుందో తెలిసిన మనిషి కనుక, ప్రేమతో, సరిగ్గా ఆ మాటే వాడాడు.

వరండాలోని అటెండర్ అంతా చూశాడు. లోపలికి వెళ్లి, నాకు వినబడేలాగానే చెప్పాడు. "సార్, బయట కావాల్నని లొల్లి పెట్టుకొని ఒచ్చిండ్రు."

డాక్టరు కోపపడలేదు. ఆయన మర్యాదస్తుడు. అన్నను ఏసీ గదిలో పడుకోబెట్టించి, చెల్లెలిననీ, విద్యుత్ కేంద్రంలో ఇంజినీరుననీ చెబితే నన్ను కూడా లోపల కూర్చోనిచ్చారు. అరగంట తర్వాత తానే వచ్చి కొలిచారు. 104 మీద 64, నాడి 66. కరీంనగర్ డాక్టరు రాసినది చదివి, మడిచి నాకే ఇచ్చారు. అలాంటివి ఎవరడిగినా రాసిచ్చే డాక్టర్లు ఉన్నారని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

"డాక్టర్ గారూ, ఆయనను ఇప్పుడు నిలబెట్టి, మూడు నిమిషాలు ఆగి ఒక్కసారి కొలవండి. నాడి కూడా చూడండి," అన్నాను.

"బయట కొలిచాం మేడమ్. లోపల కొలిచాం. బయట రెండు వందలు దాటింది, లోపల నూరు. పది అడుగుల దూరంలో సగానికి పడిపోయే రోగం ఏదో మీరే చెప్పండి."

"అదేనండీ రోగం. ఒత్తిడి ఇంత అని మెదడుకు కబురు చేరడం లేదు."

"మీది బాయిలర్ల లెక్క. ఇది మనిషి," అన్నారాయన నవ్వుతూ. "ఇంకా పదకొండు మంది ఉన్నారు. వాళ్లకూ చెల్లెళ్లు ఉంటారు."

అన్న బల్ల మీద నుంచి లేచాడు. రెండడుగులు వేసి, ద్వారబంధాన్ని పట్టుకుని ఆగాడు. నేను చూస్తుండగానే కాళ్లు కత్తెరలా పెనవేశాడు. తొడలు బిగించాడు. పిడికిళ్లు బిగిశాయి. పెదవుల్లో రంగు లేదు. అలా నిమిషం పాటు నిలబడి, డాక్టరుకు రెండు చేతులు జోడించి, బయటికి నడిచాడు. కరీంనగర్‌లో నేర్చుకున్న విద్యను మా అన్న అంత పరిపూర్ణంగా అంతకు ముందు ఎన్నడూ చేయలేదు.

బయట నీడలో కూర్చోబెట్టిన తర్వాత అడిగాను. "కండ్లు తిరగలేదా అన్నా?"

"మొత్తం చీకటైంది."

"మరి పడొద్దా? ఆయన ముంగటే పడితే..."

"పడితే నాటకమంటరు చెల్లె. ప్రాక్టీసు చేసి ఒచ్చిండంటరు," అన్నాడు. బావ వైపు చూడలేదు. "అందుకే పడలే."

ఫిట్ అని వచ్చింది.

నేను పైకి అప్పీలు పెట్టాను. అది ఎవరి బల్ల మీద ఉందో కనుక్కునే లోపల అన్న కిందికి దిగాల్సి వచ్చింది. జట్టు మొత్తం ఆయనను కాచుకుంది. బరువు ఎత్తనివ్వలేదు, వంగనివ్వలేదు. వదిన ఉప్పు వేసిన మజ్జిగ సీసా కట్టి పంపేది. మూడో వారంలో, తిండి వేళ, అందరితో పాటు, పట్టాల మీద బొగ్గు మోసే టబ్బుల దారి పక్కన గొంతుకూర్చున్నాడు. గొంతుకూర్చుంటే కాళ్లలోని రక్తం పైకి నొక్కుకుని ఉంటుంది. లేవగానే ఒక్కసారిగా దిగుతుంది. టిఫిన్ డబ్బా మూత పెట్టి లేచాడట. తోటివాళ్లు అడుగు దూరంలో ఉన్నారు. ఆ చీకట్లో పట్టుకోవడానికి ద్వారబంధం లేదు. పట్టాల మీద పడి ఎడమ తుంటి విరిగింది. టబ్బు కొక్కెం ఎడమ కంట్లో దిగింది. పైకి మోసుకొచ్చింది బావే. స్ట్రెచర్ దొరికే దాకా భుజం మీద వేసుకుని నడిచాడని తర్వాత జట్టువాళ్లు చెప్పారు.

మళ్లీ బోర్డు జరిగింది. అదే డాక్టరు. ఎముక విరిగితే ఎక్స్‌రేలో కనిపిస్తుంది, పడుకోబెట్టినా దిగదు, కోపం వచ్చినా ఎక్కదు. అన్‌ఫిట్ అని రాయడానికి ఐదు నిమిషాలు పట్టలేదు. ఆయన అన్న వైపు తిరిగి, "జాగ్రత్తగా ఉండండి" అన్నారు. ఆపరేషన్లకూ పడకకూ పోయిన నెలల్లో బిడ్డకు ఉద్యోగం రావడానికి మిగిలి ఉండవలసిన సర్వీసు గడువు దాటిపోయింది. నా అప్పీలుకు జవాబు ఆ తర్వాత వచ్చింది. కార్మికుడు ఇప్పటికే అన్‌ఫిట్ అయినందున విచారించవలసినది ఏమీ లేదని అందులో ఉంది. ఆ వాక్యంలో తప్పు లేదు.

బావ ఇప్పటికీ ఆదివారం వస్తాడు. గుమ్మం దగ్గరి కుర్చీలో కూర్చుంటాడు. అన్నను నవ్వించడానికైనా గుచ్చడానికైనా భయపడి, ఎండల గురించి మాట్లాడతాడు. ఒకరోజు అన్న తానే అడిగాడు.

"ఏంది బావా, గంత మంచిగ మాట్లాడుతున్నవు? నేను సచ్చిపోయిన్నా?"

బావ నవ్వలేదు. "ఒద్దు బావా. ఎక్కుతది," అన్నాడు.

పోయినవి ఇవి. ఎడమ తుంటి, దాని చోట లోహపు గుండు. ఎడమ కన్ను. ముప్పై మూడేళ్ల పని. కంపెనీ క్వార్టరు. ఆపరేషన్లకు అమ్మిన మందమర్రి ప్లాటు. అన్న బిడ్డకు రావలసిన ఉద్యోగం, ఇప్పుడు ఆమె మార్కెట్లో మొబైల్ దుకాణంలో నిలబడి పని చేస్తుంది. వదిన చర్చికి పోవడం. ఇద్దరు స్నేహితుల మధ్య ఎగతాళి. మిగిలినవి ఒక కన్ను, వాకర్, పూటకు సగం మాత్ర.